విడాకులు తీసుకోకుండా చట్టప్రకారం విడిగా ఉండడం ఎలా?

కలిసి ఉండలేం, అలాగని విడాకులూ వద్దు. ఈ మాట అనేవాళ్ళకి సాధారణంగా రెండే జవాబులు వినిపిస్తాయి. సర్దుకుపొమ్మని ఇంట్లోవాళ్ళు అంటారు, విడాకులకి వేసెయ్యమని బయటివాళ్ళు అంటారు. ఈ రెంటికీ మధ్య చట్టం చాలా చోటే ఉంచింది. ఆ చోటు కావలసినవాళ్ళు రకరకాలు: పిల్లలు ఒక ఒడ్డుకు చేరేదాకా ఆగాలనుకునేవాళ్ళు, మతవిశ్వాసం విడాకులకి ఒప్పుకోనివాళ్ళు, ఇంకా ఎక్కడో ఆశ మిగిలినవాళ్ళు, పెళ్ళై ఏడాది కూడా నిండక విడాకుల పిటిషన్ వేయడానికే వీలు లేనివాళ్ళు.

కింద చెప్పేదంతా భారతదేశ చట్టం. ప్రధానంగా 1955 నాటి హిందూ వివాహ చట్టం కిందకు వచ్చే దంపతుల కోసం. మిగతావాళ్ళ సంగతి విడిగా చెప్తాను.

మొదటి పని: దేన్ని తెంచుకోవాలో, దేన్ని ఉంచుకోవాలో తేల్చుకోండి

పెళ్ళితో వచ్చే బంధాలు చట్టం దృష్టిలో చాలా ఉన్నాయి. ఒకే ఇంట్లో కాపురం, పోషణ బాధ్యత, పిల్లలు, వారసత్వం, ఇంకో పెళ్ళి చేసుకోకూడదన్న నిషేధం. విడాకులు వీటిలో ఎక్కువ భాగాన్ని ఒక్కసారే తెంచేస్తాయి. మిగతా దారుల్లో కొన్నే తెగుతాయి, కొన్ని అలాగే ఉంటాయి. కాబట్టి ఈ ఐదింటినీ ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కోదాని పక్కన మీకేం కావాలో రాయండి. ఏ దారి పట్టాలన్నది సగం అక్కడే తేలుతుంది. ఇంటి నుంచి బయటపడి నెలనెలా డబ్బు అందితే చాలనుకునే ఆమెకి, ముట్టుకోవడానికి కూడా ఎదుటివాళ్ళకి హక్కు లేదని కోర్టు చెప్పాలనుకునే ఆమెకి కావలసిన కాగితాలు వేరు.

ఇద్దరిలో ఎవరికైనా మళ్ళీ పెళ్ళి ఆలోచన ఉంటే మాత్రం ఈ దారులేవీ పనికిరావు. విడాకులో, పెళ్ళి చెల్లదన్న డిక్రీయో (కోర్టు తీర్పుతో వచ్చే ఉత్తర్వు) తప్పదు. అవేవీ లేకుండా ఇంకో పెళ్ళి చేసుకుంటే ఆ పెళ్ళి చెల్లదు. పైగా నేరాలకి శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 82 కింద ఏడేళ్ళ దాకా జైలు పడే నేరం.

పెద్దమనుషుల కాగితాన్ని నమ్ముకోకండి

ఊళ్ళో పెద్దల ముందు కూర్చుని, స్టాంపు పేపరు మీద "ఇకపై ఒకరికొకరం ఏమీ కాము" అని రాసుకుని, సాక్షుల సంతకాలు పెట్టించి, అదే విడాకులనుకునే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. నోటరీ ముద్ర పడితే ఆ నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. నోటరీ చూసేది సంతకం చేసింది మీరేనా కాదా అని. ఆ ముద్రకి పెళ్ళిని రద్దు చేసే బలం లేదు.

ఒక మినహాయింపు ఉంది. కొన్ని కులాల్లో ఆచారంగా వస్తున్న విడాకుల్ని హిందూ వివాహ చట్టంలోని సెక్షన్ 29 కాపాడింది. కానీ ఆ ఆచారం మీ కులంలో చాలాకాలంగా, ఎడతెగకుండా ఉందని దాన్ని చెప్పుకునేవాళ్ళే కోర్టులో రుజువు చేయాలి. అది తేలిక కాదు. ఆ కాగితం ఆధారంగా ఇంకో పెళ్ళి చేసుకుని, పదేళ్ళ తర్వాత పెన్షన్ దగ్గరో పొలం పంపకం దగ్గరో ఇద్దరు భార్యలు ఎదురుపడే కేసులు ఇలాగే మొదలవుతాయి.

పెద్దలు కూర్చోవడమే తప్పని కాదు. వాళ్ళ సాయంతో కుదిరిన మాటని సరైన ఒప్పందంగా మార్చుకోవచ్చు.

విడిగా ఉండే ఒప్పందం

ఇద్దరి మధ్య మాట పెగులుతున్నంతకాలం ఇదే అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో, తక్కువ రచ్చతో అయ్యే పని. విడిపోయాకో, విడిపోతున్నప్పుడో రాసుకునే ఒప్పందం చెల్లుతుంది. కలిసి కాపురం చేస్తూ "ముందు ముందు ఎప్పుడైనా విడిపోతే" అని రాసుకునేదాన్ని మాత్రం ప్రజావిధానానికి విరుద్ధమని కోర్టులు పక్కన పెడతాయి.

ఇందులో ఉండాల్సినవి ఇవి. ఎవరు ఎక్కడ ఉంటారు, ఏ తేదీ నుంచి. నెలకి ఎంత, ఏ తారీకున, ఏ ఖాతాలో. ఏటా ఎంత పెరుగుతుంది. పిల్లలు ఎవరి దగ్గర, రెండోవాళ్ళు ఎప్పుడు చూస్తారు, సెలవులు ఎలా పంచుకుంటారు, ఫీజులు ఎవరు కడతారు, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది. స్త్రీధనంలో ఏమేం తిరిగి ఇచ్చారో, ఏమేం ఇవ్వాలో వస్తువుల వారీగా, బంగారమైతే బరువుతో సహా. జాయింటు ఖాతాలు, అప్పులు.

అప్పుల దగ్గర ఒక మెలిక ఉంది. ఇంటి లోను ఇద్దరి పేరునా ఉండి, "ఇకపై వాయిదాలు భర్తే కడతాడు" అని రాసుకున్నారనుకోండి. బ్యాంకు ఈ ఒప్పందంలో పార్టీ కాదు. ఆయన కట్టకపోతే బ్యాంకు ఆమెనూ అడుగుతుంది. లోను నుంచి పేరు తీయించుకోవడం బ్యాంకుతో విడిగా చేసుకోవలసిన పని. అలాగే ఇల్లో స్థలమో ఒకరి పేరు మీదకు మార్చాలనుకుంటే ఈ కాగితంలో ఒక వాక్యం రాస్తే సరిపోదు. సబ్ రిజిస్ట్రార్ దగ్గర విడిగా దస్తావేజు రిజిస్టరు కావాలి.

ఇక మాటల ఎంపిక. ఒప్పందాలు రాసేవాళ్ళు అలవాటుగా మొదటి పేరాలోనే "ఇరువురి పరస్పర అంగీకారంతో విడిగా జీవించుటకు నిర్ణయించుకొని" అని రాసేస్తారు. వినడానికి గౌరవంగానే ఉంటుంది. కానీ మనోవర్తి ఇప్పించే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 144లో నాలుగో ఉపసెక్షన్ చూడండి. పరస్పర అంగీకారంతో విడిగా ఉంటున్న భార్యకి ఆ సెక్షన్ కింద మనోవర్తి రాదు. రేపు భర్త డబ్బు ఆపేస్తే, ఆమె మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్తే, ఎదుటి లాయరు ముందుగా చదివి వినిపించేది ఆ మొదటి పేరానే. అందుకే విడిపోవడానికి అసలు కారణం ఏదైతే అదే రాయించండి. కొట్టడం వల్ల బయటికి వచ్చి ఉంటే అదే మాట ఉండాలి. నెలనెలా ఇంత ఇవ్వడానికి భర్త కట్టుబడి ఉన్నాడన్న షరతు కూడా స్పష్టంగా ఉండాలి.

ఇదే మాట రెండో వైపు నుంచీ పనిచేస్తుంది. ఒప్పుకుని విడిగా ఉంటున్నవాళ్ళు తర్వాత "నన్ను వదిలేసి వెళ్ళిపోయింది" అనో "వదిలేసి పోయాడు" అనో పరిత్యాగం కింద కేసు వేయలేరు. రెండో మనిషి ఒప్పుకోకుండా, సరైన కారణం లేకుండా వదిలి వెళ్తేనే అది పరిత్యాగం. ఒప్పందం వల్ల ఒక మంచీ ఉంది. తర్వాత ఎప్పుడైనా ఇద్దరూ కలిసి హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి కింద పరస్పర అంగీకార విడాకులు కోరితే, ఏడాదిగా విడిగా ఉంటున్నామనడానికి ఇదే ఆధారం.

భార్య మనోవర్తి హక్కు వదులుకున్నట్టు రాయించుకున్నా, భవిష్యత్తులో ఆమె కోర్టుకి వెళ్ళకుండా ఆ రాత ఆపలేదు. పిల్లల గురించి ఏం రాసుకున్నా వాళ్ళ మేలు చూసి కోర్టు మార్చగలదు. ఐదేళ్ళలోపు పిల్లలు సాధారణంగా తల్లి దగ్గర ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం చెప్తోంది.

మాట తెగని చోట జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్ళండి. కేసు వేయకముందే ఇద్దరినీ పిలిచి మధ్యవర్తి ముందు కూర్చోబెడతారు. అక్కడ కుదిరిన రాజీని లోక్ అదాలత్ అవార్డుగా రాయించుకుంటే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. ఉత్త ఒప్పందం ఉల్లంఘిస్తే మళ్ళీ మొదటి నుంచి దావా వేయాలి. అవార్డు ఉంటే నేరుగా అమలు కోరవచ్చు. అవకాశం ఉన్నవాళ్ళు ఒప్పందం దగ్గర ఆగిపోకుండా అవార్డు దాకా వెళ్ళడమే మంచిదని నా అభిప్రాయం.

జ్యుడీషియల్ సెపరేషన్

తెలుగులో న్యాయిక వేర్పాటు అంటారు. కోర్టుల్లో అందరూ ఇంగ్లీషు మాటే వాడతారు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 10 కింద వచ్చే డిక్రీ ఇది. పెళ్ళి అలాగే ఉంటుంది, కలిసి కాపురం చేయాల్సిన బాధ్యత పోతుంది.

దీని ఫలితాలు చాలామంది అనుకునేదానికన్నా పెద్దవి. డిక్రీ ఉండగా "కాపురానికి రాలేదు" అన్న నింద చెల్లదు. విడిగా ఉంటున్న భార్యతో ఆమె ఇష్టం లేకుండా భర్త శారీరక సంబంధం పెట్టుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 67 కింద రెండు నుంచి ఏడేళ్ళ జైలు. డిక్రీ లేకపోయినా, వాస్తవంగా విడిగా ఉంటున్నా ఈ సెక్షన్ వర్తిస్తుంది. డిక్రీ ఉంటే విడిగా ఉంటున్నారన్నది విడిగా రుజువు చేయనక్కర్లేదు.

దీనికి కారణం చూపించాలి. విడాకులకి ఏ కారణాలు సరిపోతాయో ఇక్కడా అవే: క్రూరత్వం, వ్యభిచారం, రెండేళ్ళ పరిత్యాగం, మతమార్పిడి, తీవ్రమైన మానసిక వ్యాధి, అంటుకునే సుఖవ్యాధి, సన్యాసం, ఏడేళ్ళుగా ఆచూకీ లేకపోవడం. భార్యకి మాత్రమే ఉన్న అదనపు కారణాలూ వర్తిస్తాయి. ఇద్దరం ఒప్పుకున్నాం అన్న ఒక్క మాట మీద ఈ డిక్రీ రాదు. ఇద్దరూ కుమ్మక్కై వేసిన పిటిషన్ అని కోర్టు అనుకుంటే కొట్టేస్తుంది.

విడాకుల కన్నా ఇది నయమనిపించే చోటు ఒకటుంది. పెళ్ళైన ఏడాది లోపు విడాకుల పిటిషన్ వేయకూడదని సెక్షన్ 14 అంటుంది. అసాధారణమైన కష్టం ఉంటే తప్ప కోర్టు అనుమతి ఇవ్వదు. సెక్షన్ 10కి ఆ అడ్డు లేదు. పెళ్ళైన మూడో నెలలో దెబ్బలు తిని బయటికి వచ్చిన అమ్మాయి కూడా వేయవచ్చు.

వేసే పద్ధతి ఇలా ఉంటుంది. ఫ్యామిలీ కోర్టు ఉన్న చోట అక్కడ, లేని చోట ఆ పరిధి ఉన్న సివిల్ కోర్టులో వేయాలి. పెళ్ళి జరిగిన ఊరు, చివరగా కలిసి కాపురం చేసిన ఊరు, ఎదుటివాళ్ళు ఉంటున్న ఊరు, వీటిలో ఏదైనా సరే. వేసేది భార్య అయితే తాను ప్రస్తుతం ఉంటున్న చోట కూడా వేయవచ్చు. 2003 సవరణతో వచ్చిన వెసులుబాటు ఇది, పుట్టింటికి చేరినవాళ్ళకి పెద్ద ఊరట. పిటిషన్‌తో పాటే సెక్షన్ 24 కింద మధ్యంతర మనోవర్తి (కేసు నడుస్తుండగా ఇచ్చేది), ఖర్చులు అడగండి. తర్వాత అడుగుదాంలే అని వదలకండి. సెక్షన్ 26 కింద పిల్లల గురించీ అప్పుడే అడగవచ్చు. సెక్షన్ 22 ప్రకారం విచారణ మూసిన గదిలో జరుగుతుంది, మీ సంగతులు నలుగురి నోళ్ళలో పడతాయన్న బెంగ అక్కర్లేదు. మొదట్లోనే కోర్టు రాజీకి ప్రయత్నిస్తుంది, కౌన్సెలర్ దగ్గరికి పంపుతుంది. దాన్ని తతంగంగా చూడకండి. పిల్లల్ని చూసే వేళలు, బంగారం తిరిగి ఇవ్వడం లాంటివి అక్కడ తేలినంత త్వరగా సాక్షిబోనులో తేలవు.

ఫ్యామిలీ కోర్టులో లాయరు ద్వారా వాదించడం హక్కుగా రాదు, కోర్టు అనుమతించాలి. ఆచరణలో అనుమతిస్తూనే ఉంటారు.

మీ మీదే ఎవరైనా విడాకుల కేసు వేసి ఉంటే సెక్షన్ 13ఎ గుర్తుపెట్టుకోండి. మతమార్పిడి, సన్యాసం, ఆచూకీ లేకపోవడం అనే మూడు కారణాలు తప్ప, మిగతా వాటి మీద వేసిన విడాకుల కేసులో పరిస్థితిని బట్టి విడాకుల బదులు జ్యుడీషియల్ సెపరేషన్ ఇవ్వడానికి కోర్టుకి అధికారం ఉంది. మీ లాయరు అడిగితేనే ఆ ఆలోచన వచ్చే అవకాశం ఎక్కువ.

డిక్రీ తర్వాత ఏడాది, ఆపైన ఏమవుతుంది

ఇక్కడ చాలామంది దెబ్బతింటారు. డిక్రీ వచ్చాక ఏడాది పాటు మళ్ళీ కాపురం మొదలవకపోతే, సెక్షన్ 13(1ఎ) కింద ఇద్దరిలో ఎవరైనా విడాకులు కోరవచ్చు. కేసు వేసినవాళ్ళే కాదు, ఓడినవాళ్ళు కూడా. అంటే విడాకులు అస్సలు వద్దనుకుని ఈ దారి పట్టినవాళ్ళు, ఎదుటివాళ్ళకి విడాకుల దారి తామే వేసి ఇచ్చినట్టవుతుంది. దాన్ని ఆపాలన్నదే మీ ముఖ్య ఉద్దేశమైతే సెక్షన్ 10 జోలికి పోకుండా మనోవర్తి, గృహహింస చట్టాలతో సరిపెట్టుకోవడం మేలు.

అయితే తన తప్పు నుంచి తానే లాభం పొందకూడదన్న నియమం ఒకటుంది. భర్త వ్యభిచారం మీద భార్య సెపరేషన్ డిక్రీ తెచ్చుకున్న ఒక కేసులో, ఆయన మనోవర్తి కట్టకుండా, అదే సంబంధం కొనసాగిస్తూ, ఏడాది గడిచిందని విడాకులు అడిగాడు. 2001లో సుప్రీంకోర్టు ఇవ్వనంది. అందుకే మనోవర్తి ఎగ్గొట్టిన ప్రతి నెలకీ రికార్డు ఉంచుకోండి.

వారసత్వం విషయం ఇంకో మెలిక. సెపరేషన్ డిక్రీ హిందూ వారసత్వ చట్టాన్ని ముట్టుకోదు. భర్త వీలునామా లేకుండా పోతే భార్య మొదటి తరగతి వారసురాలే. ఇటు భార్య పోతే, ఆమె సొంతంగా సంపాదించుకున్నది మొదట పిల్లలకీ భర్తకీ వెళ్తుంది. పిల్లలు లేకపోతే మొత్తం భర్తకే. విడిగా ఉంటూ ఇరవై ఏళ్ళు ఉద్యోగం చేసి కొనుక్కున్న ఫ్లాటు తల్లికి కాక ఆయనకి పోతుంది. తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఆస్తి మాత్రం, పిల్లలు లేకపోతే తండ్రి వారసులకి తిరిగి వెళ్తుంది. దీనికి మందు ఒకటే, వీలునామా. సెపరేషన్ దారి పట్టే ఇద్దరూ ఆ వారంలోనే రాసుకోవాలి. బ్యాంకు, బీమా, ప్రావిడెంట్ ఫండ్ నామినేషన్లు కూడా ఓసారి తిరగేయండి.

సెపరేషన్ అడగకుండానే మనోవర్తి, ఇంటి హక్కు

చాలామందికి ఇది చాలు. పైన చెప్పిన నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 144 కింద మేజిస్ట్రేట్ కోర్టులోనో ఫ్యామిలీ కోర్టులోనో వేసే పిటిషన్‌కి పెళ్ళి స్థితితో పని లేదు. తనను తాను పోషించుకోలేని భార్య, పిల్లలు అడగవచ్చు. మధ్యంతర మనోవర్తి వీలైనంత వరకు నోటీసు అందిన 60 రోజుల్లో తేల్చాలి. 2020లో రజనేష్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు ఇద్దరూ ఆస్తులు, ఆదాయం, అప్పుల అఫిడవిట్ దాఖలు చేయాలంది. పిటిషన్ వేసిన తేదీ నుంచే మనోవర్తి లెక్కించాలంది. ఎదుటివాళ్ళు ఆదాయం దాచిపెట్టారని అనుమానముంటే ఆ అఫిడవిట్‌ని అంగుళం అంగుళం చదవండి.

బకాయి పడితే, బాకీ పడిన నాటి నుంచి ఏడాది లోపు వసూలుకి పిటిషన్ వేయాలి. ఎప్పుడో ఒకసారి మొత్తం అడుగుదామని మూడేళ్ళు ఆగితే పాత నెలలకి వారెంటు రాదు.

1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం సెక్షన్ 18 వేరే తలుపు. క్రూరత్వం, వదిలేయడం, ఇంకో భార్య ఉండడం లాంటి కారణాలుంటే విడిగా ఉంటూనే మనోవర్తి పొందే హక్కు భార్యకి ఇచ్చింది.

ఇంట్లో హింస ఉంటే 2005 నాటి గృహహింస చట్టం అన్నిటికన్నా వేగమైన దారి. ఒక్క దరఖాస్తులో రక్షణ, నివాసం, డబ్బు, పిల్లల తాత్కాలిక సంరక్షణ, నష్టపరిహారం అన్నీ అడగవచ్చు. ఇల్లు అత్తమామల పేరున ఉందన్న సాకు 2020లో సతీష్ చందర్ అహూజా తీర్పు తర్వాత అంత తేలిగ్గా నిలవదు. ఆమె కాపురం చేసిన ఇల్లైతే, ఎవరి పేరున ఉన్నా, ఉమ్మడి నివాసమని వాదించవచ్చు. రక్షణ ఉత్తర్వు ఉల్లంఘిస్తే ఏడాది దాకా జైలు, ఇరవై వేల దాకా జరిమానా. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసినా, మహిళలకి సాయం చేసే సఖి కేంద్రానికి వెళ్ళినా, ఈ చట్టం కింద సాయపడే రక్షణాధికారిని కలిపిస్తారు.

ఎదుటివాళ్ళు "కాపురానికి రమ్మని" కేసు వేస్తే

మనోవర్తి కేసు పడగానే హిందూ వివాహ చట్టం సెక్షన్ 9 కింద దాంపత్య హక్కుల పునరుద్ధరణకి వేయడం పాత ఎత్తు. ఈ సెక్షన్ వ్యక్తి గౌరవానికి విరుద్ధమని 1983లో సరిత వర్సెస్ వెంకట సుబ్బయ్య కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఇంకో కేసులో సెక్షన్ చెల్లుతుందని తేల్చింది. కాబట్టి అది ఇప్పటికీ ఉంది. నోటీసు వస్తే పక్కన పడేయకండి. హాజరు కాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మీ మాట వినకుండానే డిక్రీ, వస్తుంది. విడిగా ఉండడానికి సరైన కారణం చూపిస్తే కేసు నిలవదు. ఒకవేళ డిక్రీ వచ్చినా పోలీసులు వచ్చి లాక్కెళ్ళి కాపురానికి పంపరు. ఏడాది పాటు అమలు కాకపోతే విడాకులకి కారణం అవుతుంది. ఆ డిక్రీ పాటించలేదన్న ఒక్క కారణంతో మనోవర్తి పోదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

అసలు పెళ్ళే చెల్లనిదైతే

మోసం, బలవంతం, నపుంసకత్వం, పెళ్ళినాటికే వేరొకరి వల్ల గర్భం లాంటివి ఉంటే హిందూ వివాహ చట్టం సెక్షన్ 12 కింద పెళ్ళిని రద్దు చేయించుకోవచ్చు. మోసం తెలిసిన ఏడాది లోపు రావాలి, తెలిశాక కూడా ఇష్టపడి కాపురం చేసి ఉండకూడదు. పిల్లలుంటే వాళ్ళు సక్రమ సంతానమే.

ఇతర చట్టాల కింద పెళ్ళైనవాళ్ళకి

ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టరు పెళ్ళి చేసుకున్నవాళ్ళకి సెక్షన్ 23లో జ్యుడీషియల్ సెపరేషన్ ఉంది. క్రైస్తవులకి 1869 నాటి విడాకుల చట్టం సెక్షన్ 22లో వ్యభిచారం, క్రూరత్వం, రెండేళ్ళ పరిత్యాగం కారణాలుగా ఉంది. అక్కడ ఒక తేడా. డిక్రీ తర్వాత భార్య సంపాదించుకున్న ఆస్తి విషయంలో ఆమెను పెళ్ళికాని స్త్రీగా చూస్తారు. వీలునామా లేకుండా పోతే భర్త లేనట్టే పంచుతారు. ముస్లిం వ్యక్తిగత చట్టంలో ఇలాంటి డిక్రీ లేదు కానీ సెక్షన్ 144, గృహహింస చట్టం ఏ మతంవాళ్ళకైనా వర్తిస్తాయి.

ఇల్లు వదిలే ముందు, లాయర్ని కలిసే ముందు

పెళ్ళి ఫొటోలు, శుభలేఖ, పెళ్ళి సర్టిఫికెట్, ఆధార్, పిల్లల జనన ధ్రువపత్రాలు, ఎదుటివాళ్ళ జీతం స్లిప్పు లేదా ఐటీ రిటర్ను నకలు, బంగారం బిల్లులు, దెబ్బలుంటే ఆసుపత్రి చీటీలు, బెదిరింపు మెసేజ్‌లు. ఇవి ఇంట్లో ఉండగా దొరికినంత తేలిగ్గా బయటికి వచ్చాక దొరకవు. ఫొటోలు తీసి, ఎదుటివాళ్ళకి పాస్‌వర్డు తెలియని ఈమెయిల్‌కి పంపుకోండి.

లాయరు ఖర్చుకి భయపడి ఆగకండి. న్యాయసేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 కింద మహిళలకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. మిగతావాళ్ళలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది. 15100కి ఫోన్ చేసి అడగవచ్చు.

మళ్ళీ కలిసి ఉండాలనిపిస్తే

ఇదొక్కటి విడాకుల్లో లేని సౌకర్యం. విడాకుల తర్వాత కలవాలంటే మళ్ళీ పెళ్ళి చేసుకోవాలి. సెపరేషన్ డిక్రీ అయితే, దాన్ని రద్దు చేయమని సెక్షన్ 10లోని రెండో ఉపసెక్షన్ కింద ఇద్దరిలో ఎవరైనా అదే కోర్టుకి పిటిషన్ వేసుకోవచ్చు. చెప్పిన సంగతులు నిజమని, రద్దు చేయడం న్యాయమని తోస్తే కోర్టు డిక్రీ తీసేస్తుంది. ఊరికే ఒక ఇంట్లోకి మారిపోయి కాగితాన్ని అలాగే వదిలేయకండి. మళ్ళీ గొడవలు వస్తే, కాపురం మళ్ళీ మొదలైందా లేదా అన్నదే పెద్ద వివాదం అవుతుంది. డిక్రీతో పాటు నెలనెలా మనోవర్తి ఉత్తర్వు కూడా ఉంటే దాన్నీ విడిగా మార్పించుకోవాలి, లేకపోతే ఒకే ఇంట్లో ఉంటూనే బాకీ పేరుకుపోతూ ఉంటుంది.